వేల్పూర్ పసుపు ‘కార్గో’ అయ్యేది ఎప్పుడు? – నౌకా రవాణా చట్టంలో సరుకు నిర్వచనం

వేల్పూర్ (నిజామాబాదు జిల్లా): తెలంగాణ రాష్ట్రానికి సముద్రతీరం లేదు. అయినప్పటికీ వేల్పూర్, ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్ ప్రాంతాలలో పండే పసుపులో కొంత భాగం వ్యాపారుల ద్వారా ఓడలెక్కి విదేశాలకు చేరుతున్నది. వేల్పూర్ మండలం పడగల్ వద్ద సుగంధ ద్రవ్యాల పార్కు ఏర్పాటైనది. జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు ప్రధాన కేంద్రంగా 2025 జనవరి 14న ప్రారంభమైనది. ఇంతవరకు మార్కెట్ యార్డులో అమ్మి ఇంటికి వెళ్లిన రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఇక నేరుగా ఎగుమతి వైపు దృష్టి సారించుటకు ఈ రెండు సంస్థల వలన అవకాశం ఏర్పడినది. ఈ పరిస్థితిలో నౌకా రవాణా చట్టంలోని ఒక మూల పదాన్ని అర్థం చేసుకొనుట అవసరం. ఆ పదమే ‘కార్గో’.

పొలంలో తవ్విన పసుపు, కల్లంలో ఉడికించి ఆరబెట్టిన పసుపు, గోదాములో బస్తాలకెత్తిన పసుపు, లారీపై ఓడరేవుకు చేరిన పసుపు, ఓడలోని పసుపు – ఇవన్నీ రైతు దృష్టిలో ఒకే సరుకు. చట్టం దృష్టిలో మాత్రం దశదశకూ దాని హోదా మారుతుంది. దారిలో సరుకు తడిసినా, తగ్గినా, పోయినా నష్టపరిహారం ఎవరు చెల్లించాలి, ఎంత చెల్లించాలి, ఎంత గడువులోగా అడగాలి అనే ప్రశ్నలకు సమాధానం ఆ క్షణాన సరుకు ఏ హోదాలో ఉన్నదనే అంశంపై ఆధారపడి ఉంటుంది.

పదం పుట్టుక

‘కార్గో’ స్పానిష్ భాష నుండి వచ్చిన పదం. బండి అని అర్థమిచ్చే లాటిన్ మాట నుండి ‘బండికెత్తుట’ అనే క్రియ, దాని నుండి ‘ఎత్తిన బరువు’ అనే నామవాచకం ఏర్పడినవి. అనగా ఈ మాటలోనే ‘ఎత్తుట’ అనే క్రియ ఇమిడి ఉన్నది. తెలుగులోని ఎగుమతి, దిగుమతి అనే మాటలు కూడ ఇటువంటివే. నేడు వీటిని విదేశీ వాణిజ్యానికి ఎక్కువగా వాడుతున్నప్పటికీ, మార్కెట్ యార్డులలో హమాలీలు బస్తాలను లారీకెత్తుటను ఎగుమతి అనీ, దించుటను దిగుమతి అనీ ఇప్పటికీ వ్యవహరిస్తారు. నౌకా రవాణా చట్టం గీసిన సరిహద్దులు కూడ సరిగ్గా ఈ రెండే: సరుకు ఓడకెక్కుట, ఓడ నుండి దిగుట.

చట్టంలోని నిర్వచనం

నౌకా రవాణా చట్టాలలో ‘కార్గో’ కంటె ‘గూడ్స్’ అనగా ‘సరుకులు’ అనే పదానికే నిర్వచనం ఎక్కువగా కనిపిస్తుంది. 1924లో బ్రస్సెల్స్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ‘హేగ్ నియమాలు’గా ప్రసిద్ధి చెందినది. అన్ని రకాల వస్తువులు సరుకులే అని ఆ నియమాలు పేర్కొంటూ రెండింటిని మినహాయించినవి. మొదటిది, ప్రాణమున్న పశువులు. రెండవది, ఒప్పందంలో రాసుకొని ఓడ పైతట్టు మీద తీసుకొనిపోయే సరుకు. పైతట్టు మీది సరుకుకు గాలి, వాన, అలల తాకిడి ఎక్కువ కనుక ఆనాటి ఓడ యజమానులు దాని బాధ్యతను స్వీకరించుటకు అంగీకరించలేదు.

ఆ నియమాల ఆధారంగా భారతదేశంలో 1925లో సముద్ర సరుకు రవాణా చట్టం వచ్చినది. కంటైనర్ల యుగంలో పాత నిర్వచనం సరిపోలేదు. పెద్ద కంటైనర్ ఓడలలో గణనీయమైన సంఖ్యలో పెట్టెలు పైతట్టు మీదనే వరుసలుగా పేర్చబడతాయి. ఏ పెట్టె పైన ఉంటుంది, ఏది లోపల ఉంటుంది అనేది సరుకు యజమాని చేతిలో ఉండదు. అందువలన 1993లో బహుళవిధ సరుకు రవాణా చట్టం ద్వారా 1925 చట్టంలోని నిర్వచనాన్ని పార్లమెంటు సవరించినది. సవరించిన నిర్వచనం ప్రకారం సరుకులంటే ప్రాణమున్న పశువులతో సహా ఏ ఆస్తియైనను. సరుకు పంపేవారు సమకూర్చిన కంటైనర్లు, పాలెట్లు, అటువంటి ఇతర సాధనాలు కూడ సరుకులే. అవి పైతట్టు మీద ఉన్నా, లోపల ఉన్నా భేదం లేదు.

వంద సంవత్సరాల నాటి ఆ చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త సముద్ర సరుకు రవాణా చట్టాన్ని ఆమోదించినది. అదే సంవత్సరం 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో కూడ కొత్త చట్టాన్ని ఆమోదించినది. భాష సరళమైనది, కేంద్ర ప్రభుత్వానికి ఆదేశాలిచ్చే అధికారం చేరినది. సరుకు నిర్వచనం, రవాణాదారు బాధ్యతల మూలసూత్రాలు మాత్రం కొనసాగినవి.

నిర్వచనంలోని ఒక మాటను ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. ‘సరుకు పంపేవారు సమకూర్చిన’ కంటైనరు మాత్రమే సరుకు అవుతుంది. ఓడ కంపెనీ ఇచ్చిన కంటైనరులో పసుపు నింపినచో పసుపు సరుకు, కంటైనరు ఓడ కంపెనీ సాధనం. ఎగుమతిదారు తన సొంత కంటైనరులో నింపినచో రెండూ సరుకే.

ఏది కార్గో కాదు

ఓడలో ఉన్నదంతా కార్గో కాదు. ఓడ నడుచుటకు నింపుకొన్న ఇంధనం, సిబ్బంది ఆహార సామగ్రి, తాళ్లు, లంగర్లు, విడి భాగాలు కార్గో కిందకు రావు. సిబ్బంది సొంత వస్తువులు కూడ కార్గో కావు. ఒకే పదార్థం ఒక ఓడలో కార్గో, మరొక ఓడలో కార్గో కాకపోవచ్చును. చమురు ఓడ తొట్లలో విశాఖపట్నానికి వచ్చే ముడి చమురు కార్గో, అదే ఓడ ఇంజను కాల్చే చమురు కార్గో కాదు. బోధన్ పరిసరాలలో తయారైన చక్కెర బస్తా ఎగుమతి కొరకు ఓడకెక్కినచో కార్గో, ఓడ వంటగదిలో టీ కొరకు ఉంచిన చక్కెర సామగ్రి మాత్రమే. వస్తువు ఏమిటన్నది కాక, ఏ ప్రయోజనం కొరకు ఓడలో ఉన్నదన్నదే గీటురాయి.

కార్గో రూపాన్ని బట్టి కూడ లెక్క మారుతుంది. బియ్యం, బొగ్గు, ఇనుప ఖనిజం వంటివి విడిగా గుట్టగా పోసి తరలించినచో బరువే కొలమానం. బస్తాలు, డబ్బాలు, పీపాలలో ఉన్నచో సంఖ్య కూడ కొలమానం అవుతుంది. ఈ భేదం ప్రాధాన్యం పరిహారం లెక్కలో స్పష్టమవుతుంది.

వేల్పూర్ నుండి ఓడ వరకు – ఏ దశలో ఏ చట్టం

పసుపు బస్తాలు వేల్పూర్‌లో లారీకెక్కిన క్షణం నుండి రోడ్డు ద్వారా సరుకు రవాణా చట్టం, 2007 వర్తిస్తుంది. ఆ దశలో నష్టం జరిగినచో బుకింగ్ తేదీ నుండి 180 రోజుల లోపు రవాణాదారుకు లిఖితపూర్వక నోటీసు ఇవ్వనిదే దావా నిలువదు. హైదరాబాదు సనత్‌నగర్‌లోని అంతర్గత కంటైనర్ డిపో వంటి చోట కస్టమ్స్ లాంఛనాలు ముగించి రైలుపై ఓడరేవుకు పంపినచో ఆ మేరకు రైల్వే చట్టం, 1989 వర్తిస్తుంది. అక్కడ నోటీసు గడువు ఆరు నెలలు. ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో గాని, విశాఖపట్నం, చెన్నై ఓడరేవులలో గాని యార్డులో ఎదురుచూచే సమయంలో టెర్మినల్ నిర్వాహకుల నిబంధనలు, ఓడరేవు నిబంధనలు వర్తిస్తాయి.

సముద్ర సరుకు రవాణా చట్టం రంగప్రవేశం చేసేది ఆ తరువాతనే. చట్టం దృష్టిలో ‘సరుకుల రవాణా’ అంటే సరుకు ఓడకెక్కించినప్పటి నుండి ఓడ నుండి దించే వరకు గల కాలం మాత్రమే. యార్డులో పది రోజులు వానకు తడిసిన కంటైనరు నష్టాన్ని ఈ చట్టం కింద ఓడ యజమానిపై మోపుట సాధ్యం కాదు. విదేశీ రేవులో దించిన తరువాత గోదాములో జరిగిన నష్టం కూడ అంతే. అందువలన నష్టం వార్త అందినప్పుడు తేల్చవలసిన మొదటి ప్రశ్న, ‘ఎక్కడ జరిగినది?’ అనునది.

ఈ అతుకుల బెడద తప్పించుటకే 1993 నాటి బహుళవిధ సరుకు రవాణా చట్టం ఉన్నది. కనీసం రెండు విధాల రవాణా – ఉదాహరణకు రోడ్డు, సముద్రం – ఒకే ఒప్పందం కింద చేపట్టే నిర్వాహకుడు నమోదు చేసుకొని ఉండవలెను. సరుకును తన ఆధీనంలోనికి తీసుకున్నప్పటి నుండి విదేశంలో అప్పగించే వరకు బాధ్యత అతనిదే. నష్టం ఏ దశలో జరిగినదో తెలియకపోయినా అడుగుటకు ఒక్కరు ఉంటారు. తీరానికి దూరంగా ఉన్న వేల్పూర్ వంటి ప్రాంతాలకు ఇది ముఖ్యమైన వెసులుబాటు. అయితే ఈ చట్టం కింద దావా గడువు తొమ్మిది నెలలు మాత్రమే. సముద్ర సరుకు రవాణా చట్టం కింద గడువు ఒక సంవత్సరం. న్యాయస్థానం అనుమతించినచో గరిష్ఠంగా మరి మూడు నెలలు. ఏ పత్రం కింద సరుకు వెళ్లినదో చూడకుండా గడువు లెక్కించుట ప్రమాదకరం.

భారత చట్టం వర్తించేది భారత ఓడరేవుల నుండి బయలుదేరే సరుకుకు. పసుపు శుద్ధి కొరకు విదేశం నుండి తెప్పించిన యంత్రం దారిలో దెబ్బతిన్నచో సాధారణంగా ఆ సరుకు బయలుదేరిన దేశపు చట్టం, బిల్ ఆఫ్ లేడింగ్‌లో రాసుకొన్న నిబంధన ముందుకు వస్తాయి.

బిల్ ఆఫ్ లేడింగ్ – సరుకుకు పుట్టుక పత్రం

ఓడకెక్కిన సరుకుకు ఓడ యజమాని తరఫున ఇచ్చే పత్రమే బిల్ ఆఫ్ లేడింగ్. ఇది ఒకేసారి మూడు పనులు చేస్తుంది. సరుకు అందినట్లు రశీదు. రవాణా ఒప్పందానికి రుజువు. సరుకుపై హక్కును మరొకరికి బదిలీ చేయగల పత్రం. సరుకు నడి సముద్రంలో ఉండగానే ఈ కాగితం చేతులు మారి సరుకు అమ్ముడుపోవచ్చును.

సరుకు పంపినవారు కోరినచో ఈ పత్రంలో గుర్తింపు ముద్రలు, బస్తాల సంఖ్య గాని బరువు గాని, సరుకు పైకి కనిపించే స్థితి రాయవలసిన బాధ్యత రవాణాదారుపై ఉన్నది. అయితే సరిచూచుటకు వీలులేని వివరాలను రాయవలసిన పని లేదు. కంటైనరును ఎగుమతిదారే నింపి ముద్ర వేసి తెచ్చినప్పుడు లోపల ఏమున్నదో ఓడ యజమానికి తెలియదు. అప్పుడు ‘పంపినవారి లెక్క ప్రకారం ఇంత సరుకు ఉన్నట్లు చెప్పబడినది’ అనే అర్థంలో ఒక వాక్యం చేర్చుట వాడుక. ఈ వాక్యం ఉన్నచో తరువాత బస్తాలు తగ్గిన సందర్భంలో నింపినప్పుడు ఎన్ని ఉన్నవో రుజువు చేయవలసిన భారం ఎగుమతిదారుపై పడవచ్చును. కనుక గోదాములో నింపే సమయంలోనే లెక్క జాబితా, తూకం చీటీ, ఛాయాచిత్రాలు, ముద్ర సంఖ్య భద్రపరచుట మేలు.

‘రవాణా కొరకు అందినది’ అనే పత్రానికి, ‘ఓడకెక్కినది’ అనే పత్రానికి తేడా ఉన్నది. మొదటిది సరుకు రవాణాదారు చేతికి వచ్చినదని మాత్రమే చెబుతుంది. రెండవది సరుకు నిజంగా ఓడలో ఉన్నదని చెబుతుంది. బ్యాంకుల ద్వారా చెల్లింపు కోరే ఎగుమతిదారులను సాధారణంగా రెండవదే అడుగుతారు.

బరువు విషయంలో 2016 జులై 1 నుండి అంతర్జాతీయ సముద్ర భద్రతా నియమం ఒకటి అమలులో ఉన్నది. నింపిన ప్రతి కంటైనరు మొత్తం బరువును ధ్రువీకరించి తెలియజేయవలసిన బాధ్యత సరుకు పంపేవారిది. నింపిన పెట్టెను వేబ్రిడ్జిపై తూచవచ్చును, లేదా సరుకు, ప్యాకింగ్ సామగ్రి, ఖాళీ పెట్టె బరువులను కూడవచ్చును. ధ్రువీకరణ లేని పెట్టెను ఓడకెక్కించరాదు.

పరిహారానికి పరిమితి – లెక్క ఎలా?

సరుకు విలువ ఎంతైనా రవాణాదారు చెల్లించే పరిహారానికి చట్టం పరిమితి విధించినది. ఒక్కొక్క ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్‌లు గాని, నష్టపోయిన సరుకు మొత్తం బరువులో కిలోకు 2 ఎస్‌డీఆర్‌లు గాని – రెండింటిలో ఏది ఎక్కువైనచో అది పరిమితి. ఎస్‌డీఆర్ అనగా అంతర్జాతీయ ద్రవ్యనిధి అయిదు ప్రధాన కరెన్సీల ఆధారంగా లెక్కించే ప్రమాణం. దాని రూపాయి విలువ రోజూ మారుతుంది. ఇటీవలి సంవత్సరాలలో అది వంద రూపాయలకు పైననే ఉన్నది.

ఉదాహరణకు 50 కిలోల బస్తాలు 300 కలిగిన కంటైనరులో 20 బస్తాలు పూర్తిగా చెడిపోయినవనుకొందము. నష్టపోయిన బరువు 1,000 కిలోలు. బరువు లెక్కన పరిమితి 2,000 ఎస్‌డీఆర్‌లు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ‘300 బస్తాలు’ అని విడిగా రాసి ఉన్నచో ప్రతి బస్తా ఒక ప్యాకేజీ. అప్పుడు పరిమితి 13,333 ఎస్‌డీఆర్‌లు దాటుతుంది. ‘ఒక కంటైనరు పసుపు’ అని మాత్రమే రాసి ఉన్నచో మొత్తం పెట్టె ఒకే ప్యాకేజీగా పరిగణించబడే ప్రమాదం ఉన్నది. అప్పుడు మిగిలేది బరువు లెక్క మాత్రమే.

పరిమితి అంటే అంత మొత్తం వస్తుందని కాదు, అంతకు మించి రాదని అర్థం. జరిగిన నష్టాన్ని రుజువు చేయవలసి ఉంటుంది. మామూలు పసుపు కొమ్ముల ధర సాధారణంగా కిలోకు రెండు ఎస్‌డీఆర్‌లకు లోపే ఉంటుంది కనుక, బరువు లెక్కన వచ్చే పరిమితి కూడ చాలవరకు సరిపోతుంది. పసుపు నుండి తీసే కర్క్యుమిన్ సారం, ఓలియోరెసిన్ వంటి విలువైన ఉత్పత్తుల విషయంలో మాత్రం పరిస్థితి వేరు. 25 కిలోల పీపాకు బరువు లెక్కన పరిమితి 50 ఎస్‌డీఆర్‌లు మాత్రమే. పీపాల సంఖ్య పత్రంలో రాసి ఉన్నచో ఒక్కొక్క పీపాకు 666.67. అనగా ఒక్క పంక్తి రాయుట, రాయకపోవుట మధ్య తేడా పదమూడు రెట్లకు పైగా ఉన్నది. శుద్ధి పరిశ్రమలు పెరిగి ముడి పసుపుకు బదులు సారం ఎగుమతి అయ్యే కొలది ఈ పంక్తి విలువ కూడ పెరుగుతుంది. ఓడకెక్కించుటకు ముందే సరుకు స్వభావం, విలువ ప్రకటించి పత్రంలో రాయించినచో ఈ పరిమితి వర్తించదు. దానికి అదనపు కిరాయి అడుగుట వాడుక.

తేమ, ప్యాకింగ్ – బాధ్యత ఎవరిది?

ప్రయాణం ఆరంభానికి ముందు ఓడను సముద్రయానానికి యోగ్యంగా ఉంచుటలో తగిన శ్రద్ధ వహించవలసిన బాధ్యత రవాణాదారుది. సరుకును జాగ్రత్తగా ఎక్కించుట, పేర్చుట, కాపాడుట, దించుట కూడ అతని విధులే. మరొక వైపు కొన్ని కారణాల వలన జరిగిన నష్టానికి చట్టం అతనికి మినహాయింపు ఇచ్చినది. దైవికమైన విపత్తు, సముద్రపు ప్రమాదాలు, యుద్ధం వంటివి వీటిలో ఉన్నవి. పసుపు ఎగుమతిదారులు ముఖ్యంగా తెలుసుకోవలసినవి రెండు: సరుకులో స్వతస్సిద్ధంగా ఉన్న దోషం, ప్యాకింగ్ లోపం.

ఉడికించిన పసుపును పూర్తిగా ఆరబెట్టకుండా కంటైనరులో నింపినచో, పగటి వేడికి ఆ తేమ ఆవిరియై రాత్రి చల్లదనానికి పెట్టె లోపలి కప్పుపై నీటి బిందువులుగా చేరి బస్తాలపై పడుతుంది. బూజు పడుతుంది. బయటి నుండి చుక్క నీరు రాకపోయినా సరుకు చెడుతుంది. ఇటువంటి సందర్భంలో అది సరుకు దోషమే అని రవాణాదారు వాదించే అవకాశం ఉన్నది. పెట్టెకు రంధ్రం ఉండి సముద్రపు నీరు చొరబడినచో వాదన మారుతుంది. కంటైనరు ఎవరు సమకూర్చినారు, నింపేముందు ఎవరు పరీక్షించినారు అనే ప్రశ్నలు వస్తాయి. నింపిన నాటి తేమ శాతం ధ్రువపత్రం ఉన్నచో నష్టం ఎటువైపు నుండి వచ్చినదో తేల్చుట సులభం.

నష్టం పైకి కనిపించినచో సరుకు తీసుకొనే సమయంలోనే, కనిపించనిదైనచో మూడు రోజుల లోపు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. అట్లు తెలియజేయనిచో సరుకు పత్రంలో రాసినట్లే అందినదని ప్రాథమికంగా భావించబడుతుంది. హక్కు పోదు, రుజువు భారం మాత్రం పెరుగుతుంది.

బీమాలో వేరే అర్థం

ఒకే మాటకు రెండు చట్టాలలో రెండు అర్థాలుండుట గమనార్హం. సముద్ర బీమా చట్టం, 1963 ప్రకారం సరుకులంటే వ్యాపార సరుకులే. ఓడలో వాడుకొనే సామగ్రి, సొంత వస్తువులు దాని కిందకు రావు. ఇంతవరకు రెండు చట్టాలూ ఒక్కటే. అయితే భిన్నమైన వ్యాపార ఆచారం లేనప్పుడు పైతట్టు మీది సరుకును, ప్రాణమున్న పశువులను ‘సరుకులు’ అనే సామాన్య పదం కింద కాక ప్రత్యేకంగా పేర్కొని బీమా చేయించవలెనని ఈ చట్టం చెబుతున్నది. రవాణా చట్టం కింద సరుకైనది బీమా పత్రంలో సరుకు కాకపోవచ్చును. బీమా పత్రం తీసుకొనేటప్పుడే ఈ అంశాన్ని సరిచూచుకొనవలెను.

తన సరుకుకు ఏమీ కాకపోయినా యజమాని డబ్బు చెల్లించవలసిన సందర్భం కూడ ఉన్నది. ఓడను, మొత్తం సరుకును కాపాడుటకు కొంత సరుకును బుద్ధిపూర్వకంగా సముద్రంలో పారవేసినచో గాని, అసాధారణ ఖర్చు చేసినచో గాని, ఆ భారాన్ని ఓడ యజమాని, సరుకు యజమానులందరు వాటాల ప్రకారం పంచుకొనవలెను. దీనిని ‘జనరల్ యావరేజి’ అంటారు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో చిక్కుకున్న ‘ఎవర్ గివెన్’ ఓడ విషయంలో యజమాని ఇదే ప్రకటించినందున ఆ ఓడలోని సరుకు యజమానులు తమ వాటాకు హామీ చూపవలసి వచ్చినది. బీమా లేని చిన్న ఎగుమతిదారుకు ఇది ఊహించని భారం.

విశాఖపట్నంలో మొదలైన చరిత్రాత్మక వివాదం

ఎగుమతి సరుకుకు భారత న్యాయస్థానాలలో రక్షణ కల్పించిన కీలకమైన తీర్పుకు మూలం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. గోవాలోని మార్మగోవా రేవు నుండి సరుకుతో బయలుదేరిన ‘ఎం.వి. ఎలిసబెత్’ అనే విదేశీ ఓడ, బిల్ ఆఫ్ లేడింగ్‌లు జారీ చేయకుండా వెళ్లి, తమ ఆదేశాలకు విరుద్ధంగా విదేశంలో సరుకు అప్పగించినదని ఎగుమతిదారు సంస్థ హార్వాన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ట్రేడింగ్ ఫిర్యాదు చేసినది. 1984లో ఆ ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుపై దానిని నిలిపివేసినారు. 14,25,000 రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇచ్చిన తరువాత ఓడను విడిచిపెట్టినారు.

ఓడ యజమానుల ప్రధాన వాదన కార్గో అర్థానికి సంబంధించినది. అప్పటికి అమలులో ఉన్న 1861 నాటి బ్రిటిష్ నౌకా న్యాయస్థాన చట్టం రేవు ‘లోనికి తెచ్చిన’ సరుకులను గురించి మాత్రమే చెప్పినదని, బయటకు వెళ్లిన సరుకు వివాదం విచారించే అధికారం హైకోర్టుకు లేదని వారు వాదించినారు. ఆ వాదన నెగ్గినచో దిగుమతి సరుకుకు మాత్రమే రక్షణ, ఎగుమతిదారు విదేశీ న్యాయస్థానాల చుట్టూ తిరుగవలసినదే. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించినది. స్వతంత్ర భారతదేశపు హైకోర్టుల అధికారం వలస పాలన నాటి చట్టాలకే పరిమితం కాదని, రేవు దాటి వెళ్లిన సరుకు వివాదంలో కూడ విదేశీ ఓడను నిలిపివేయవచ్చునని స్పష్టం చేసినది.

తరువాత వచ్చిన నౌకా న్యాయాధికార చట్టం, 2017 ఆ పాత బ్రిటిష్ చట్టాలను రద్దు చేసి, సరుకు నష్టాన్ని, సరుకు రవాణా ఒప్పందాలను నౌకా వివాదాల జాబితాలో చేర్చినది. ఓడ ఏ హైకోర్టు పరిధిలోని జలాలలో ఉన్నదో ఆ హైకోర్టును ఆశ్రయించవలసి ఉంటుంది. ఓడ విశాఖపట్నంలో ఉన్నచో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, నవా షెవాలో ఉన్నచో బొంబాయి హైకోర్టు.

సముద్రంలో పడిన సరుకు ఎవరిది?

ఓడ మునిగి సరుకు ఒడ్డుకు కొట్టుకువచ్చినచో అది ఎవరిదనే ప్రశ్నకు తెలుగు నేలపై ఎనిమిది శతాబ్దాలకు చేరువగా పాతదైన సమాధానమొకటి ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం, తుఫానులకు దెబ్బతిని తీరానికి చేరిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారని చెప్పి, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదలుతున్నట్లు ప్రకటించినది. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పైలో ఒక వంతుగా ఆ శాసనం నిర్ణయించినది. సరుకు ఓడను విడిచినంత మాత్రాన యజమానిని విడువదనే సూత్రం అందులో ఉన్నది.

నేటి చట్టం కూడ ఆ బాటనే అనుసరిస్తున్నది. ఓడ నుండి పడిన, పారవేసిన, కొట్టుకువచ్చిన సరుకు దొరికినవారి సొత్తు కాదు. కస్టమ్స్ చట్టం, 1962లోని 21వ సెక్షన్ ప్రకారం అట్లు దేశంలోనికి వచ్చిన సరుకును దిగుమతి సరుకుగానే పరిగణిస్తారు. 2025 మే నెలలో కేరళ తీరం సమీపంలో ‘ఎం.ఎస్.సి. ఎల్సా 3’ ఓడ 640 కంటైనర్లతో మునిగినప్పుడు తీరానికి చేరిన పెట్టెల విషయంలో ఈ ప్రశ్న మరల ముందుకు వచ్చినది. వాటిలో ప్రమాదకరమైన రసాయనాలున్న పెట్టెలు కూడ ఉన్నందున కార్గో ప్రకటనలో నిజాయితీ ఎంత అవసరమో కూడ ఆ ఘటన తెలియజేసినది.

పాత్రికేయులు, అధికారులు గమనించదగిన అంశాలు

1. సరుకు నష్టం వార్తలలో నష్టం జరిగిన దశను – లారీ, రైలు, యార్డు, ఓడ – స్పష్టంగా పేర్కొనవలెను. ‘ఓడరేవులో నష్టం’, ‘ఓడలో నష్టం’ ఒకటి కావు.

2. రైతు సంఘాలకు ఎగుమతి శిక్షణ ఇచ్చే అధికారులు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో బస్తాల లేదా పీపాల సంఖ్యను విడిగా రాయించే విషయాన్ని పాఠ్యాంశంగా చేర్చుట ఉపయుక్తం.

3. నింపే నాటి తేమ శాతం, తూకం, కంటైనరు స్థితి, ముద్ర సంఖ్య నమోదు చేసిన పత్రాలు పరిహారం కోరుటకు ఆధారాలవుతాయి.

4. గడువులు: ఓడ రవాణాలో కనిపించని నష్టానికి నోటీసు మూడు రోజులు, దావాకు ఒక సంవత్సరం. బహుళవిధ రవాణా పత్రమైనచో దావాకు తొమ్మిది నెలలు. లారీ రవాణాలో నోటీసు బుకింగ్ నుండి 180 రోజులు, రైలు రవాణాలో ఆరు నెలలు.

5. బీమా పత్రంలో సరుకుల నిర్వచనాన్ని, ముఖ్యంగా పైతట్టు మీది సరుకును గురించిన షరతును, జనరల్ యావరేజి వాటాను సరిచూచుకొనవలెను.

వేల్పూర్ కల్లంలో ఆరిన పసుపు నాణ్యత రైతు శ్రమపై ఆధారపడి ఉన్నది. ఓడకెక్కిన తరువాత దాని రక్షణ, నింపేనాడు రాసిన కాగితంపై ఆధారపడి ఉంటుంది.